ఐస్ హాకీ: ఏహెచ్‌ఎల్ (కింది లీగ్) ఆడే 5 అడుగుల 8 అంగుళాల కుర్రాడు ఎన్‌హెచ్‌ఎల్ (పై లీగ్)లో నిలబడగలడా?

బ్లూలైన్_రవి:
నిలబడతాడు. మార్టిన్ సెయింట్ లూయీ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలే, డ్రాఫ్ట్‌లో (జట్లు ఏటా కుర్రాళ్లని ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోలేదు. కాల్గరీ జట్టు 2000లో వదిలేసింది, టాంపా జట్టు తీసుకుంది. 2004లో హార్ట్ ట్రోఫీ (అత్యంత విలువైన ఆటగాడికి), ఆర్ట్ రాస్ (గోల్స్, అసిస్ట్‌లు కలిపి ఎక్కువ పాయింట్లకి), స్టాన్లీ కప్ (లీగ్ టైటిల్) మూడూ కొట్టాడు. యానీ గూర్డ్, టైలర్ జాన్సన్, మార్షెసో కూడా డ్రాఫ్ట్ కాకుండా ఏహెచ్‌ఎల్ మీదుగా వచ్చినవాళ్లే.

మూడో_జోడీ:
రవి గారూ, పైకి చేరినవాళ్ల పేర్లే చెబితే ఎలా? రాకో గ్రిమాల్డీ 5 అడుగుల 6 అంగుళాలు. 2021 మార్చిలో డెట్రాయిట్ మీద ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. తర్వాతి సీజన్ దాదాపు అంతా ఏహెచ్‌ఎల్ జట్టు మిల్వాకీలోనే గడిచింది.
కింద ఏహెచ్‌ఎల్‌లో వచ్చే పాయింట్లలో పవర్ ప్లేవి (అవతలి జట్టులో ఒకడు పెనాల్టీలో ఉన్నప్పుడు వచ్చేవి) తీసేసి చూడండి. పైకి పిలిచేది ఎవరికో దెబ్బ తగిలినప్పుడు. ఖాళీ ఉండేది నాలుగో లైన్‌లో, అంటే అందరికన్నా తక్కువ ఆడే ముగ్గురు ఫార్వర్డ్‌ల గుంపులో. ఎనిమిది, తొమ్మిది నిమిషాల ఆట, పవర్ ప్లే లేదు. గోల్స్ కోసం పిలిచినవాడికి అవతలివాళ్లని ఢీకొట్టే పని ఇస్తారు.

వింగ్_14:
2005లో హుకింగ్, హోల్డింగ్ (స్టిక్‌తోనో చేత్తోనో పట్టి ఆపడం) మీద కఠినంగా ఉన్నారు, రెండు లైన్లు దాటే దూరపు పాస్ మీద నిషేధం తీసేశారు. అప్పట్నుంచే చిన్నవాళ్లకి దారి దొరికింది.

బ్లూలైన్_రవి:
మరి సెయింట్ లూయీ 2004లోనే గెలిచాడు కదా! 5 అడుగుల 6 అంగుళాల థియో ఫ్లూరీ 1989లోనే కప్ ఎత్తాడు. రూల్స్ వల్ల అంటే ఒప్పుకోను.

మూడో_జోడీ:
రూల్స్ మాట ఎత్తింది నేను కాదు. నేనంటున్నది బోర్డ్స్ (రింక్ చుట్టూ ఉండే గోడ) దగ్గర జరిగేది. మన జోన్‌లో డిఫెన్స్‌మన్ పక్‌ని (ఆడే రబ్బరు బిళ్లని) బోర్డ్స్ వెంట తిప్పి కొడతాడు. వింగర్ (పక్కన ఆడే ఫార్వర్డ్) అది అందుకునేలోపే అవతలి డిఫెన్స్‌మన్ మీదకి వచ్చేస్తాడు. వాడు 6 అడుగుల 3, బరువు వంద కిలోలు. పక్ మన జోన్ హద్దయిన బ్లూ లైన్ దాటలేదా, మనవాళ్లు ఇంకో నిమిషం లోపలే ఇరుక్కుంటారు. రెండుసార్లు అలా జరిగితే మూడో పీరియడ్‌లో కోచ్ ఆ వింగర్‌ని దింపడు.

నెట్‌ఫ్రంట్_లక్ష్మి:
దానికి ఉపాయం ఉంది అన్నా. పక్ చేరకముందే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడాలి. బోర్డ్స్‌కి ఎదురుగా ముఖం పెట్టి ఆగిపోకూడదు, ఏటవాలుగా కదులుతూ రావాలి. వచ్చేవాడు తాకేలోపే తుంటి వాడి వైపు తిప్పి, మోకాళ్లు వంచి, ముందు మనమే ఆనుకోవాలి. పక్‌ని స్టిక్‌తో ఆపే టైం లేకపోతే స్కేట్‌తో తన్ని సెంటర్‌కి వదిలేయాలి, అదీ కుదరకపోతే బోర్డ్స్ పైనున్న గ్లాస్‌కి తగిలేలా కొట్టి జోన్ బయటికి పంపాలి. చేయి చాచి అందుకోబోతేనే నలిగిపోయేది. గూర్డ్ పెనాల్టీ కిల్ (మనవాడొకడు పెనాల్టీలో ఉన్నప్పుడు గోల్ పడకుండా ఆపడం) కూడా చేస్తాడు, అందుకే మూడో లైన్‌లోనైనా వాడికి చోటుంది.

హిమపాతం:
మా వాడిని 14 ఏళ్లకే ఎత్తు చూసి పక్కన పెట్టారు. స్కేటింగ్ చూడనే లేదు.

మూడో_జోడీ:
బాధే. కానీ ఆ వయసు సెలక్షన్‌కీ ఏహెచ్‌ఎల్ కాలప్‌కీ (పైకి పిలవడానికీ) పోలిక లేదండీ.

బ్లూలైన్_రవి:
ఉంది! హిమపాతం గారు చెప్పిందే అసలు విషయం. మీరు పొద్దుట్నుంచీ స్కౌట్ల తప్పుని లెక్కలు కట్టి వెనకేసుకొస్తున్నారు. అదే పక్ 6 అడుగుల 2 ఉన్నవాడు పోగొట్టుకుంటే ‘నేర్చుకుంటాడులే’ అంటారు. చిన్నవాడు పోగొట్టుకుంటే మర్నాడే కిందకి పంపిస్తారు.

మూడో_జోడీ:
నేనెప్పుడు కాదన్నాను? ఒకే ఆట ఆడితే పెద్దవాడికే చోటు. తప్పే, అయినా రేపు కాలప్ వచ్చే కుర్రాడికి ఆ తప్పు గురించి లెక్చర్ ఇస్తే ఏం లాభం? బోర్డ్స్ దగ్గర పక్ బయటికి తీయడం నేర్పండి.

బ్లూలైన్_రవి:
అంటే వాడు రెట్టింపు బాగా ఆడాలి, జట్టు మాత్రం మారక్కర్లేదు. నేను ఒప్పుకోనిది అదే. సెయింట్ లూయీ కాల్గరీలో 69 మ్యాచ్‌ల్లో 4 గోల్స్ చేశాడు. టాంపాలో ఎత్తు పెరగలేదు, నిమిషాలు పెరిగాయి.

నెట్‌ఫ్రంట్_లక్ష్మి:
నిమిషాలిచ్చే జట్టుని వెతుక్కునే దారి కూడా ఉంది. 25 ఏళ్లు నిండి, మూడు ప్రొఫెషనల్ సీజన్లు ఆడి, ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు 80 లోపే ఉంటే కాంట్రాక్ట్ అయ్యాక ఏ జట్టుకైనా స్వేచ్ఛగా వెళ్లొచ్చు. డబ్బు ఎవరెక్కువ ఇస్తారని కాదు, రెండో పవర్ ప్లే యూనిట్‌లో ఎవరికి ఖాళీ ఉందో చూసుకోవాలి. మార్షెసో 2016లో టాంపా వదిలి ఫ్లోరిడా వెళ్లాడు, ఆ సీజన్లోనే 30 గోల్స్. 2023లో వేగస్‌తో కాన్ స్మైత్ (ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే ట్రోఫీ).

వింగ్_14:
25 దాకా ఆగడం మాటలా? 260 ప్రొఫెషనల్ మ్యాచ్‌లు దాటితే ఏహెచ్‌ఎల్‌లో వెటరన్ లెక్కలోకి వస్తాడు. వెటరన్లని కొందరినే ఆడించనిస్తారు కాబట్టి కింద కూడా చోటు ఇరుకవుతుంది.

మూడో_జోడీ:
అందుకే మొదటి రెండు సీజన్లలోనే పెనాల్టీ కిల్ అడిగి మరీ తీసుకోవాలి. లక్ష్మి గారు చెప్పిన తుంటి తిప్పడం వేసవిలోనే మొదలుపెట్టాలి.

బ్లూలైన్_రవి:
నేర్చుకోమనండి, కాదనను. జట్లని మాత్రం నేను వదలను.