సెలవు సర్టిఫికెట్‌లో జబ్బు పేరు ఆఫీసుకి తెలుస్తుందా?

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో అకౌంట్స్ చూస్తాను. డిస్పాచ్ చూసే కుర్రాడికి కొన్నాళ్లుగా నిద్ర లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు, క్యారేజీ మూత తీసి తినకుండా అలాగే కూర్చుంటాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి నేనే ఫోన్ కలిపిచ్చాను. తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడి, సైకియాట్రిస్టుని కలవమన్నారు. ఒంగోలు పోదాం రమ్మంటే, "పిచ్చోడని ముద్ర వేస్తారన్నా" అంటాడు. మా మేనేజర్ నోరు అలాంటిదే లెండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి, అది తెలుసు. కానీ ఈఎస్ఐలో చూపించుకుని సెలవు పెడితే, సర్టిఫికెట్‌లో జబ్బు పేరు కనపడుతుందా? పేరు లేకుండా ఇమ్మని డాక్టర్ని అడగొచ్చా? ఇలా సెలవు తీసుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. ప్రైవేటులో చూపించుకునే స్తోమత అతనికి లేదు.