ఒడిశాలోని రాయగడలో ఉండి ఉద్యోగం కోసం పరిచయాలు పెంచుకోవడం ఎలా?

గుణుపురం కుర్రాడు: డిప్లొమా ఎలక్ట్రికల్ అయి రెండేళ్లు, కాంట్రాక్టర్ దగ్గర చేస్తున్నా. దామంజోడి, తెరువలి ప్లాంట్లలో మన తెలుగువాళ్లు ఉన్నారంటారు గానీ నాకు ఒక్కరూ తెలీదు. లింక్డ్‌ఇన్‌లో "జాబ్ ఉంటే చెప్పండి సార్" అని నలభై మందికి పెట్టా, ఒక్కరూ పలకలేదు.

పాత ఫిట్టర్: ముక్కూమొహం తెలియనివాడు ఉద్యోగం అడిగితే ఎవరు పలుకుతారు తమ్ముడూ? పని గురించి అడుగు. నేను ఒకాయన్ని రిలే టెస్టింగ్ (కరెంటులో లోపం వస్తే సరఫరా ఆపించే పరికరాల పరీక్ష) గురించి అడిగితే అరగంట ఫోన్లో చెప్పారు, ఆర్నెల్లకి ఖాళీ ఉందని ఆయనే కబురు పెట్టారు.

కోరాపుట్ అక్క: దామంజోడి ప్లాంటు నాల్కోది, అంటే నేషనల్ అల్యూమినియం కంపెనీది; అది ప్రభుత్వ సంస్థ, పర్మనెంట్ పోస్టు నోటిఫికేషన్ మీదే. పరిచయం ఉందని డబ్బడిగేవాణ్ణి నమ్మకు. ఒడియా వచ్చా?

గుణుపురం కుర్రాడు: మాట్లాడతా అక్కా, రాయడమే రాదు.