ఆషాఢంలో మబ్బులు వస్తాయి, వాన రాదు. ఎందుకు?

కళ్యాణదుర్గం రైతు:
మా అమ్మాయి ఏడో తరగతి. సముద్రపు నీరు ఆవిరై, పైన చల్లబడి, మబ్బు కట్టి వానగా కురుస్తుందని పాఠంలో చదివింది. "మన చేను మీదుగా రోజూ మబ్బులు పోతున్నాయి కదా నాన్నా, మరి కురవవేం?" అని నిలదీసింది. వేరుశనగ విత్తడానికి పదును కోసం ఎదురుచూస్తున్న నాదీ అదే ప్రశ్న. పడమటి గాలి మనిషిని తోసేస్తోంది, నాలుగు చినుకులు రాలి ఆగిపోతున్నాయి. తెలిసినవారు వివరంగా రాయండి, పాపకు చదివి వినిపిస్తాను.

విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు, అనంతపురం:
పాప అసలైన చోటే పట్టుకుంది. ఆవిరి ఉంటే సరిపోదు, గాలి పైకి లేవాలి. లేచేకొద్దీ ఒత్తిడి తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, అందువల్ల చల్లబడుతుంది. నీటి ఆవిరి దాదాపు అంతా ఉండేది వాతావరణపు అడుగు పొర అయిన ట్రోపో ఆవరణంలోనే. అక్కడ సగటున కిలోమీటరు ఎత్తుకు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది.

అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కుతూ తన తేమలో చాలా భాగం అక్కడే కురిపిస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన, మనకు 550 అటూ ఇటూ. కనుమలు దాటి దిగే గాలి ఒత్తిడికి లోనై మళ్లీ వేడెక్కుతుంది. మిగిలిన తేమతో మబ్బు కడుతుంది గానీ దానికి మందం ఉండదు. మబ్బులోని నీటి బిందువు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ఒక మంచి చినుకు కావాలంటే అలాంటివి పది లక్షల దాకా కలవాలి, పలుచని మబ్బులో అంత కలయిక జరగదు. సాయంత్రం మబ్బు అడుగున బూడిదరంగు తెర వేలాడితే పాపకు చూపించండి. అది వానే, కింది పొడిగాలిలో దారిలోనే ఆవిరైపోతుంది.

రామగిరిలో గాలిమరలు తిరిగేదీ ఈ గాలి బలంతోనే.

ధర్మవరం నుంచి:
మాస్టారూ, మరి సెప్టెంబరులో ఎలా కురుస్తోంది?

విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు:
అప్పటికి పడమటి గాలి సన్నగిల్లుతుంది, బంగాళాఖాతం తేమ అందుతుంది. నేల వేడికి గాలి నిలువుగా లేచి ఉరుముల మబ్బులు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతాయి. మన జిల్లాకు ఎక్కువ వాన ఇచ్చే నెల అదే.

ఉరవకొండ రైతు:
అన్నా, పాపకు ఇంకొకటి కూడా చెప్పు. కనుమల్లో పడిన వాన మనకు పూర్తిగా దూరం కాలేదు. తుంగ, భద్ర పుట్టేది అక్కడే. ఆ నీరే హోస్పేట దగ్గర డ్యాంలో నిలిచి, ఎగువ కాలువ మీద మా పొలాలకు వస్తోంది. కానీ 133 టీఎంసీలకు కట్టిన ఆ డ్యాంలో పూడిక చేరి ఇప్పుడు 105 దాకానే పడుతోంది. నీటి చక్రం బొమ్మలో ఆ పూడికను కూడా గీయాలి, పిల్లలు అడగాల్సిన ప్రశ్న అది.