ఆపరేషన్ తేదీకీ నెలసరికీ ముడిపెట్టాలా?

సైనిక్‌పురి చెల్లి:
మా అక్కకి 39. రొమ్ములో గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. వచ్చే మంగళవారం ఆపరేషన్. లెక్క చూస్తే పీరియడ్ మొదలైన ఆరో రోజు పడుతోంది. ఆ రోజుల్లో చేస్తే జబ్బు తిరగబెడుతుందని ఎవరో మెసేజ్ పంపారు, అప్పట్నుంచి అక్కకి కంటి మీద కునుకు లేదు. రెండు వారాలు జరపమని అడగమంటారా?

తార్నాక:
అడగమ్మా. ఇది గాలి కబురు కాదు. లండన్ గైస్ హాస్పిటల్‌లో 249 మంది కేసులు చూసి క్యాన్సర్ సర్జన్ రాజేంద్ర బడ్వే బృందం 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది. నెలసరి మొదలయ్యాక 3 నుంచి 12 రోజుల్లో ఆపరేషన్ అయినవాళ్లలో పదేళ్లు బతికింది 54 శాతం, మిగతావాళ్లలో 84.

మెహదీపట్నం:
అవి పాత ఫైళ్లు తిరగేసి తీసిన లెక్కలండీ. ఆఖరి నెలసరి ఎప్పుడొచ్చిందని ఓపీలో అడిగితే "బోనాలప్పుడు" అనేవాళ్లే ఎక్కువ, తేదీ ఎవరికి గుర్తుంటుంది? తర్వాత ముందుగానే పేర్లు రాసుకుని, వెంటపడి గమనించిన అధ్యయనాలు రెండు 2008, 2009లో వచ్చాయి. బ్రిటన్‌లో 412 మంది, రక్తంలో హార్మోన్లు కూడా కొలిచారు. అమెరికాలో 834 మంది. రెండింట్లోనూ తేడా లేదు. చేతికొచ్చిన థియేటర్ డేట్ వదులుకుంటే మళ్లీ ఎప్పుడిస్తారో ఎవరు చెప్పగలరు? జరపొద్దు.

తార్నాక:
మరి ప్రొజెస్టెరాన్ (నెలసరి చక్రం రెండో సగంలో ఒంట్లో పెరిగే హార్మోన్) ఇంజెక్షన్ సంగతి? ఆపరేషన్‌కి 5–14 రోజుల ముందు ఇచ్చి చూశారు, 2011లో ఫలితాలు వచ్చాయి. క్యాన్సర్ చంకలోని లింఫ్ గ్రంథులకి పాకినవాళ్లకి మేలు కనబడింది. అందుకే నేను పూర్తిగా కొట్టిపారేయను.

మెహదీపట్నం:
1000 మందినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ మేలు తేలలేదు కదా. ఒక గుంపులో కనబడినదాన్ని మళ్లీ పరీక్షించకుండా నమ్మి అక్కగారి ఆపరేషన్ ఆపలేం. అదే బడ్వే గారి బృందం 2023లో ప్రచురించింది చూడండి. కోత పెట్టే ముందు గడ్డ చుట్టూ లిడోకైన్ మత్తుమందు ఎక్కించారు. మన దేశంలోనే, 1600 మంది మీద. ఐదేళ్లకి బతికున్నవాళ్లు 86.4 శాతం నుంచి 90.1కి పెరిగారు. మందు చవక, తేదీ మార్చక్కర్లేదు. అడిగితే ఇది అడగండమ్మా.

సైనిక్‌పురి చెల్లి:
ఆపరేషన్‌కి ముందు కీమో ఇవ్వలేదు, నేరుగా ఆపరేషనే. ఈ మాట మత్తు డాక్టర్‌ని అడగాలా, సర్జన్‌నా?

మెహదీపట్నం:
సర్జన్‌నే. ఆ ట్రయల్‌లో తీసుకున్నది కూడా ఆపరేషన్‌కి ముందు కీమో పడనివాళ్లనే. కోతకి 7–10 నిమిషాల ముందు ఇవ్వాలి, కాబట్టి మంగళవారం పొద్దున కాదు, ముందే మాట్లాడండి.