ఉగాది పిల్లల నాటకం: పాత్రల పంపకంపై వాలంటీర్ల చర్చ

సాంస్కృతిక కార్యక్రమాల సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. ఉగాది ఈసారి మార్చి 19, గురువారం నాడు వస్తున్నందున మన వేడుకను 28వ తేదీ శనివారం జరుపుకోవాలనీ, అందులో పిల్లల చేత ప్రహ్లాద చరిత్ర వేయించాలనీ నిర్ణయించుకున్న సంగతి మీకు తెలిసిందే. అమెరికాలో, మన న్యూజెర్సీ ఎడిసన్‌లో హైస్కూలు ఆడిటోరియం ఖరారైంది. పేర్లు ఇచ్చిన పిల్లలు 34 మంది, నాటకానికి దొరికే సమయం 25 నిమిషాలు, ప్రహ్లాదుడు ఒక్కడు. పాత్రలు ప్రకటించక ముందే ఆ ఒక్కడి కోసం నాకు వస్తున్న ఫోన్లను చూశాక, రిహార్సళ్లు మొదలు కాకముందే ఈ విషయంలో మనమంతా ఒక మాట మీదికి రావాలనిపించింది.

నిరుడు నాకు ఈ బాధ్యత లేదు, ప్రేక్షకుల్లో కూర్చున్నాను. పాత్రల జాబితా అర్ధరాత్రి వేళ వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమవడం, తెల్లవారేసరికి రెండు కుటుంబాలు పిల్లలను మాన్పించడం అందరమూ చూశాం. ముఖ్యమైన నాలుగు పాత్రల్లో మూడు కార్యవర్గ సభ్యుల పిల్లలకే ఎలా వచ్చాయో తెలుసుకోవచ్చా అని ఒక తండ్రి ఎంతో మర్యాదగా అడిగారు. ఆయనకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ ముగ్గురు పిల్లలూ చక్కగా చేశారన్న మాట నిజమే. అయితే వాళ్లు చక్కగా చేస్తారని ముందే తెలియడానికి కారణం వాళ్ల గొంతులు కార్యవర్గం రోజూ ఇంట్లో వింటూ ఉండడమే తప్ప, మిగతా పిల్లల చేత కూడా చదివించి పోల్చి చూడడం కాదు.

తల్లిదండ్రుల కోపాన్ని గొడవ అని కొట్టిపారేసే అలవాటు మనలో కొంత ఉంది. నాకు అది సమ్మతం కాదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని, ఎక్కడెక్కడి నుంచో కారు నడుపుకుంటూ పిల్లలను రిహార్సల్‌కు తీసుకువచ్చి, రెండు గంటలు చలిలో కారులోనే కూర్చునేవాళ్లు వాళ్లు. ఇక్కడ పుట్టిన పిల్లవాడు పదిమంది ముందు గొంతెత్తి తెలుగులో మాట్లాడే రోజు ఏడాదికి ఇదొక్కటే కావచ్చు. ఆ రోజున వాడికి ఒక్క మాట కూడా దక్కకపోతే బాధ కలగడం సహజం. ‘మా వాడికి ప్రహ్లాదుడే కావాలి’ అనడం అత్యాశ, ‘ఎలా ఎంచారో చెప్పండి’ అనడం న్యాయం. మొదటిదాన్ని మనం తీర్చలేం, రెండోదానికి మాత్రం బాధ్యత వహించాలి. మీ అభిప్రాయాలు చెప్పండి.

నాటక దర్శకురాలు:

సమన్వయకర్త గారు మొదలుపెట్టినందుకు సంతోషం. పిల్లలతో నేరుగా పనిచేసేది నేను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పిల్లలకు ఏ వేషం ఇష్టమో, పెద్దలకు ఏ వేషం ఇష్టమో మొదటి రోజే వేరువేరుగా అడిగి చూశాను. అయిదారేళ్ల పిల్లల్లో అత్యధికులు ప్రహ్లాదుణ్ణి తొక్కించడానికి తెచ్చే ఏనుగు కావాలన్నారు. ఆ ఏనుగును ఇద్దరు పిల్లలతో, ఒకే బూడిదరంగు గుడ్డ కప్పి చేస్తాం. ముందున్న వాడు తొండం ఊపుతాడు, వెనుక వాడు నడుము వంచి వాడి వెంట నడుస్తాడు. పోయినసారి పిల్లల కార్యక్రమంలో వెనుక కాళ్లుగా ఉన్న పిల్లవాడు ఆ రోజంతా మహా ఆనందంగా ఉన్నాడు. వాడి నాన్నగారు మాత్రం వీడియో తీయడానికి మొదటి వరుసలోకి వచ్చి, కెమెరాలో కొడుకు ఎక్కడా కనబడకపోయేసరికి చిన్నబుచ్చుకున్నారు. ఈసారి ఏనుగు వేదిక దాటే ముందు గుడ్డ తొలగించి, ఇద్దరూ ప్రేక్షకులకు నమస్కరించి, ‘ఈ బాలుణ్ణి తొక్కడానికి మాకు కాళ్లు రావడం లేదు ప్రభూ’ అని చెరొక సగం పలికేలా రాశాను. పాములకు, కొండ మీది నుంచి తోసే భటులకు కూడా ఇలాగే తలా ఒక మాట ఉంటుంది. మాట లేని వేషం ఈ నాటకంలో ఒక్కటీ ఉండకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

కథ కూడా మనకు కలిసి వస్తుంది. వైకుంఠ ద్వారం దగ్గర అడ్డగింపబడే సనక సనందనాదులు నలుగురు, జయవిజయులు ఇద్దరు, చండామార్కులు ఇద్దరు, గురుకులంలో ప్రహ్లాదుడి మాటలు వినే రాక్షస బాలకులు ఎంతమందైనా ఉండవచ్చు. గురుకులం ఘట్టాన్ని కొంచెం పెంచి, ఆ బాలకుల చేత గురువులను ప్రశ్నలు వేయించాను. పన్నెండు మందికి అక్కడే చోటు దొరికింది.

ఎంపిక విషయానికి వస్తే, ‘చదివించిరి నను గురువులు’ పద్యం అందరికీ వారం ముందే పంపి, దాన్నీ నాలుగు వాక్యాల సంభాషణనూ ప్రతి బిడ్డ చేతా చదివిద్దాం. పద్యం తెలుగు లిపిలో చూసి చదివినా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదివినా, అమ్మమ్మ దగ్గర విని అప్పజెప్పినా తేడా చూపనక్కరలేదు. మనం వింటున్నది గొంతును, ధైర్యాన్ని, ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు వాడి వైపు చూసే గుణాన్ని. ‘ళ’, ‘ణ’ సరిగా పలకలేదని ఏ బిడ్డనూ పక్కన పెట్టవద్దు. దిద్దడానికి ఆరు వారాలు చాలు.

చివరగా ప్రహ్లాదుడి సంగతి. ఆ పాత్రను ముగ్గురికి పంచాలని నా ప్రతిపాదన. తండ్రి ఒడిలో కూర్చుని పద్యం చెప్పేవాడు ఒకరు, శిక్షలు అనుభవించేవాడు ఒకరు, స్తంభం ముందు నిలబడేవాడు ఒకరు. ఇది మనం కొత్తగా పుట్టిస్తున్న పద్ధతి కాదు. మన ఊళ్లలో రాత్రంతా సాగే హరిశ్చంద్ర నాటకంలో వారణాసికి ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు మరొక హరిశ్చంద్రుడు రావడం, రాయబారం నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రంలోనే వేయడం మనలో చాలామంది చిన్నప్పుడు చూసినదే. ఒకే పసుపు ధోవతి, ఒకే తులసిమాల వేస్తే ప్రేక్షకులు తికమకపడరు.

ఆహార్యం, మేకప్ చూసే వాలంటీరు:

రెండు విషయాలు చెప్పాలి. మొదటిది కొంచెం నవ్వు తెప్పిస్తుంది. నరసింహస్వామి వేషానికి పిల్లలు ఎగబడుతున్నారు, తల్లిదండ్రులు వెనక్కి లాగుతున్నారు. కారణం అడిగితే సింహం ముసుగులో మా అబ్బాయి ముఖం కనబడదన్నారు. సాక్షాత్తు భగవంతుడి వేషమే వద్దనిపించేంత బలం ఫోటోకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. కాబట్టి ముసుగు మానేసి జూలు మాత్రం కట్టి, ముఖానికి రంగు వేస్తాను. కళ్లు, నోరు స్పష్టంగా కనబడతాయి, మాట కూడా ముసుగులో చిక్కుకోకుండా వినబడుతుంది.

రెండోది నవ్వులాట కాదు. చామనఛాయ పిల్లలను రాక్షసుల వైపుకూ, తెల్లగా ఉన్నవాళ్లను దేవతల వైపుకూ సర్దడం మన వేదికల మీద ఏళ్ల తరబడి జరుగుతోంది. ఎవరూ కావాలని చేయరు, ఆ చెయ్యి అలా వెళ్లిపోతుంది. కిందటి దసరాకు ఒక పాప నా దగ్గర మేకప్ వేయించుకుంటూ, ‘ఆంటీ, నేను నల్లగా ఉన్నాననేనా నాకు రాక్షసి ఇచ్చారు?’ అని అడిగింది. ఆ అమ్మాయికి తొమ్మిదేళ్లు. తల్లి పక్కనే ఉండి, ఏమీ మాట్లాడకుండా జడకు రిబ్బను ముడి వేస్తూ ఉండిపోయారు. ఈసారి ఎంపిక చేసే వాళ్లు జాబితా పూర్తయ్యాక, ఎవరు ఏ వైపున ఉన్నారో ఈ కంటితో కూడా ఒకసారి చూడాలని నా మనవి. రాక్షసులకు ముఖాన నలుపు పూయను. కిరీటం, మీసం, రంగుల అంగవస్త్రం చాలు.

హిరణ్యకశిపుడి వేషం వద్దనే తల్లిదండ్రులకు ఎవరైనా నెమ్మదిగా చెప్పండి. నాటకంలో అందరికంటే ఎక్కువ మాటలు ఉన్నవి ఆయనకే. పైగా శాపం తగలక ముందు వైకుంఠంలో కాపలా ఉన్నవాడే.

కోశాధికారి:

నాకు నాటకం తెలియదు, లెక్కలు తెలుసు. ఒక పెద్ద స్పాన్సర్ తమ పాపకు ప్రహ్లాదుడి తల్లి లీలావతి పాత్ర ఇవ్వాలని నన్ను సూచనగా అడిగారు. చెక్కుకూ పాత్రకూ సంబంధం లేదని చెప్పేశాను. ఆయన కొంచెం ముభావంగా ఉన్నా, చెక్కు మాత్రం వచ్చింది. ఇలాంటి అభ్యర్థన మీలో ఎవరికి వచ్చినా నాకు పంపండి, జవాబు నేను చెబుతాను. కాలర్ మైకులు ఆరింటికి మించి అద్దెకు తేవడానికి డబ్బు లేదని కూడా ఇక్కడే చెబుతున్నాను.

ఒక తల్లి, రిహార్సల్ వాలంటీరు:

దర్శకురాలు గారి ఆలోచనను గౌరవిస్తూనే నా అనుమానం చెబుతాను. ప్రహ్లాదుణ్ణి ముగ్గురికి పంచితే ముగ్గురు తల్లులు సంతోషిస్తారనుకుంటున్నారు. ముగ్గురినీ పక్కపక్కన పెట్టి పోల్చే అవకాశం హాలంతటికీ ఇస్తున్నామని నా భయం. ఊరి నాటకాల్లో కూడా రెండో కృష్ణుడు పద్యం అందుకోగానే మొదటి కృష్ణుడి మీద వ్యాఖ్యలు మొదలయ్యేవి కదా! అక్కడ వాళ్లు ఆరితేరిన నటులు, ఇక్కడ ఎనిమిదేళ్ల పిల్లలు. పంచడం తప్పనిసరి అయితే ముగ్గురికీ పద్యాలు ఇవ్వకండి. ఒకరికి పద్యం, ఒకరికి అభినయం, ఒకరికి తండ్రితో వాదన ఉంటే పోలికకు తావు తగ్గుతుంది.

ఇంకొక మాట. మా గ్రూపులో ఒక పెద్దాయన, ప్రహ్లాదుడిగా ఆడపిల్లను తీసుకుంటే ఒప్పుకోమన్నారు. 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ సినిమాలో ఎస్.వి. రంగారావు గారి ఎదుట ప్రహ్లాదుడిగా నిలబడ్డది రోజారమణి అనే చిన్న పాప అని గుర్తు చేశాను. మగవారైన స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగస్థలాన్ని ఏలి, 1956లో పద్మశ్రీ అందుకున్నారని కూడా చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు, ఒప్పుకున్నారో లేదో తెలియదు.

మైకుల సంగతి కోశాధికారి గారు తేలికగా రాశారు గాని, అసలు గొడవ అక్కడే పుడుతుంది. మైకు ఉన్న పిల్లవాడి మాట చివరి వరుస వరకు వినబడుతుంది, లేనివాడు పెదవులు కదిపినట్టే ఉంటుంది. తలా ఒక మాట రాసి, అది వినబడకపోతే తల్లిదండ్రులు మనల్ని క్షమించరు, క్షమించనక్కరలేదు కూడా.

నాటక దర్శకురాలు:

పోలిక గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. రెండో ప్రహ్లాదుడికి పద్యం తీసేసి, శిక్షల ఘట్టాన్ని అభినయంగానే నడుపుతాను. మైకుల విషయంలో, వేదిక ముందు అంచున నిలువు మైకులు రెండు పెట్టించి, గుంపులో మాట ఉన్న ప్రతి బిడ్డా ఆ చోటికి వచ్చి పలికేలా కదలికలు మారుస్తాను. కాలర్ మైకులు ప్రహ్లాదులు ఒకరి తర్వాత ఒకరు మార్చుకోవచ్చు. ఆ పనికి తెర వెనుక చురుకైన మనిషి ఒకరు కావాలి.

సాంస్కృతిక కార్యక్రమాల సమన్వయకర్త:

అందరికీ ధన్యవాదాలు. వచ్చిన అభిప్రాయాలను బట్టి ఇలా చేద్దాం, అభ్యంతరం ఉన్నవారు గురువారం లోపు చెప్పండి.

పిల్లల చేత చదివించే రోజున వినేవారు ముగ్గురు ఉంటారు: దర్శకురాలు గారు, నాటకంలో తమ పిల్లలు లేని సభ్యులు ఒకరు, పక్క ఊరి తెలుగు బడి నుంచి ఒక ఉపాధ్యాయిని. కార్యవర్గ సభ్యుల పిల్లల వంతు వచ్చినప్పుడు ఆ సభ్యులు గదిలో ఉండకూడదు, ఇందులో నాకూ మినహాయింపు లేదు, మా అమ్మాయి కూడా పేరిచ్చింది. తల్లిదండ్రులందరూ బయట హాలులో కూర్చుంటారు, అక్కడ టీ ఏర్పాటు ఉంటుంది. జాబితాను గ్రూపులో పెట్టే ముందు ప్రతి కుటుంబానికీ మనలో ఒకరం ఫోన్ చేసి, ఏ పాత్ర వచ్చిందో, ఎందుకు వచ్చిందో రెండు మాటల్లో చెప్పాలి. 34 ఫోన్లు అంటే తలా ఏడో ఎనిమిదో వస్తాయి, కష్టం కాదు. ‘మీ వాడికి ఇంకా రాలేదు’ అనే మాట ఎవరూ వాడకండి. ‘ఈ పాత్రకు ఇది కావాలి, మీ వాడిలో అది కనబడింది’ అని చెప్పండి. కనబడనిది కనబడిందని మాత్రం చెప్పవద్దు, తల్లిదండ్రులు ఇట్టే పట్టేస్తారు. జాబితా వచ్చాక మార్పులు అనారోగ్యం, ప్రయాణం వంటి కారణాలకే. అలాంటి ఖాళీల కోసం ప్రతి ముఖ్య పాత్రనూ మరొక బిడ్డ కూడా నేర్చుకుని ఉంటుంది, ఆ బిడ్డ పేరు కూడా కరపత్రంలో వేస్తాం.

నాటకం వేళ గురించి ఎవరూ ప్రస్తావించలేదు గాని, నా దృష్టిలో అది కూడా ఈ విషయంలో భాగమే. పోయినసారిలాగా సాయంత్రం నాలుగింటికి పెడితే రాజమండ్రిలో, వరంగల్‌లో అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర అవుతుంది, తాతయ్యలు, నాయనమ్మలు మేలుకుని ఉండలేరు. ఉదయం పదకొండింటికి పెడితే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. లైవ్‌లో చూడగలుగుతారు. వేషం చిన్నదైనా ఊళ్లో పెద్దవాళ్లు ఆ క్షణాన చూశారంటే, ఇక్కడి తల్లిదండ్రుల అసంతృప్తి సగం తగ్గుతుందని నా అనుభవం. భోజనాల కమిటీ వారు పన్నెండున్నరకు వడ్డన మొదలుపెట్టగలరేమో దయచేసి రేపటిలోగా చెప్పండి.

మైకులు మార్చే పనికి, ఏనుగు గుడ్డ కుట్టే పనికి మనుషులు కావాలి. కుట్టుమిషన్ ఉన్నవారు దర్శకురాలు గారికి నేరుగా ఫోన్ చేయండి. గుడ్డ ఎనిమిది గజాలు ఇప్పటికే కొని ఉంచారు.