గమ్‌బూటు పగులుకు సాగే జిగురు ఏది వాడాలి?

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద వరి సాగు. మడిలో దిగేటప్పుడు వేసుకునే గమ్‌బూట్లలో కుడికాలి దానికి, వేళ్లు వంగే చోట అడ్డంగా పగులు వచ్చింది. ఊరికే నిలబడితే కనిపించదు. అడుగు వేయగానే నోరు తెరిచి బురదనీళ్లు లోపలికి లాగుతుంది. మిగతా బూటంతా దిట్టంగా ఉంది. ఇంత మాత్రానికి కొత్త జత కొనడానికి మనసొప్పడం లేదు.

అడుగున పీవీసీ అని ముద్ర ఉంది. చిటికెలో అంటుకునే సూపర్ గ్లూ ఆరాక పెళుసవుతుంది, కాబట్టి వంగే చోట అది వద్దు. బోరు పైపులకు పూసే సాల్వెంట్ సిమెంటు ఇంట్లోనే ఉంది కానీ, అది కదలని గట్టి పైపుల కోసం చేసినది. ఆరాక కూడా సాగే పాలీయురేథేన్ జిగురు అయితే నిలుస్తుందని నా లెక్క.

పీవీసీ మీద దాన్ని వాడినవారు ఎవరైనా ఉన్నారా? గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిస్తే సరిపోతుందా? అతుకు లోపలి వైపు వేయాలా, బయట వేయాలా? నల్లగొండలోగానీ మిర్యాలగూడలోగానీ చిన్న ట్యూబుల్లో ఎలాంటి దుకాణంలో అడగాలో కూడా చెప్పండి. నాట్లు దగ్గర పడ్డాయి.