అప్‌డేట్: నా 'లైజా జేన్' రికార్డు 1964 నాటిది కాదని తేలింది

బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ తొలి రికార్డు 'లైజా జేన్' నా దగ్గరున్నది 1964 నాటి అసలు ప్రతేనా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. రికార్డు నడుమ అంటించిన లేబుల్ చూడమన్న సలహాయే పనికొచ్చింది. పదిహేడేళ్ల వయసులో 'డేవీ జోన్స్ విత్ ది కింగ్ బీస్' పేరిట బోవీ పాడిన ఆ పాట 1964 జూన్‌లో డెకా అనే రికార్డు కంపెనీ వారి అనుబంధ బ్రాండు వొకాలియన్ పాప్ పేరుతో విడుదల కాగా, నా ప్రతి నడుమనున్న కాగితం మీద డెకా అనే ఉంది. పాత రికార్డుల వ్యాపారి ఒకరు దాన్ని వెలుతురులో తిప్పి చూసి, 1978లో మళ్లీ విడుదల చేసినదని తేల్చారు. కవరు మీది మరకలు, నేను ఓపిగ్గా లెక్కపెట్టిన గీతలు ఎందుకూ కొరగాలేదు. ఇది మంకీస్ బృందపు డేవీ జోన్స్ పాటేమోనన్న అనుమానమూ వీగిపోయింది. ఆ మంకీస్ గాయకుడితో పేరు కలవడం వల్లనే మన గాయకుడు 1965లో జోన్స్ అనే పేరు వదిలి బోవీగా మారారు.